బండి ఇచ్చారు సరే, ఇంజను పోతే?

పోయిన భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి రాశాను. దాని మీద వచ్చిన మాటలన్నీ చదివాను. వాటిలో ఒక తమ్ముడు విడిగా పంపిన మెసేజ్ రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

"అన్నా, మా క్లాసులో వాదన జరిగింది. ఒకతను లేచి, 'మీవాళ్లకి గవర్నమెంటు లారీలిచ్చినా, ఆటోలిచ్చినా అయిదేళ్లు తిరక్కుండా పాత ఇనుముకి వేసేస్తారు, నిలబెట్టుకోవడం మీకు చేతకాదు' అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే మా పెదనాన్న ఆటో నిజంగానే మా ఇంటి ముందు తుప్పుపట్టి ఉంది."

తమ్ముడూ, నీకు జవాబు దొరక్కపోవడంలో నీ తప్పేమీ లేదు. ఆ జవాబు పుస్తకాల్లో లేదు, ఇంజను లోపల ఉంది. అందుకే ఈ భాగంలో సిద్ధాంతం పక్కనపెట్టి ఒక్క ఇంజను కథ చెప్తాను. మా బాబాయి లారీ ఇంజను.

మా బాబాయి పద్దెనిమిదో ఏట క్లీనరుగా ఎక్కాడు. ఇతరుల లారీల మీద ఇరవై ఏళ్లు స్టీరింగ్ తిప్పాడు. 2009లో కార్పొరేషన్ సబ్సిడీ కొంత, బ్యాంకు అప్పు కొంత, పిన్ని మెడలోది కొంత కలిపి ఆరు చక్రాల లారీ కొన్నాడు. మా పల్లెలో మొదటి లారీ అది. ముందు అద్దం మీద బాబాసాహెబ్ బొమ్మ వేయించాడు. బొమ్మ తీసేస్తే లోడు దొరకడం తేలికవుతుందని ఒక బ్రోకరు సలహా ఇచ్చాడు. బాబాయి తీయలేదు. గుంటూరు యార్డు నుంచి మద్రాసుకి మిర్చి టిక్కీలు, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది రిటర్న్ లోడు. బ్యాంకు అప్పు 2015లో చివరి పైసాతో తీరిపోయింది. ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

నిలబెట్టుకోవడం చేతకాదన్న మాట ఉందే, దానికి ముందుగా ఇంజను చెప్పే జవాబు వినండి. ఆ లారీది ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. దాని బ్లాకులో విడిగా లైనర్లు ఉండవు. పిస్టన్ నేరుగా బ్లాకు గోడనే రాసుకుంటూ తిరుగుతుంది. గోడ అరిగితే అర మిల్లీమీటరు బోరు చేసి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. మళ్లీ అరిగితే ఇంకో అర మిల్లీమీటరు. ఆ పైన సైజు పిస్టన్లు రావు. అప్పుడు గోడలోపల స్లీవులు దిగ్గొట్టించి మళ్లీ మొదటి సైజుకి తేవాలి. మా బాబాయి 2013లో ఒకసారి, 2016లో రెండోసారి బోరు చేయించాడు. రెండుసార్లూ పంపు కాలిబ్రేషన్ చేయించాడు, నాజిల్స్ మార్పించాడు. అంటే ఆ ఇంజను ఇవ్వగలిగినదంతా ఇచ్చాక గానీ ఆగలేదు.

2019 వేసవిలో అది ఆగింది. అంతకుముందే రెండు నెలలుగా బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ పైకి తన్నేది. నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకి మూడు నాలుగు లీటర్ల ఆయిలు. ఇంజను మళ్లీ బోరుకొచ్చిందని ఆయనకి తెలుసు. సీజను అయ్యాక విప్పుదాం, ఈ నాలుగు ట్రిప్పులు కొడితే డబ్బు చేతిలో ఉంటుంది అనుకున్నాడు. మార్టూరు దాటాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడింది, లోపల నుంచి టకటకమని కొట్టడం మొదలైంది. పక్కకి తీసేలోపే బేరింగు కరిగి క్రాంకుకి పట్టేసింది. మిర్చిని ఇంకో లారీలోకి మార్పించి, ఆ కిరాయి తనే కట్టుకుని, తన బండిని తాడేసి లాగించుకుంటూ విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చాడు. అప్పుడు నేనూ వెళ్లాను.

ఆటోనగర్ మనందరికీ పేరుగా తెలుసు. ఆసియాలోనే పెద్దదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. లారీ అక్కడ పుడుతుంది, అక్కడే చస్తుంది. ఒక వీధిలో కొత్త ఛాసిస్ మీద చెక్క పరిచి బాడీ కడుతుంటారు, ఇంకో వీధిలో చచ్చిన లారీని గ్యాస్ కట్టరుతో ముక్కలు చేస్తుంటారు. కటింగ్‌కి వచ్చిన బండిలో ఏదీ వృథా పోదు. ఇంజను ఒక షాపుకి, గేరుబాక్సు ఒక షాపుకి, హౌసింగు ఇంకో షాపుకి, మిగిలిన ఇనుము తూకానికి పోతుంది.

మేస్త్రి ఇంజను దించి విప్పి మూడు దారులు చెప్పాడు. ఒకటి, కంపెనీ నుంచి కొత్త ఇంజను. ధర అయిదు లక్షల పైన. ఆ మాట అన్నాక ఆయనే నవ్వేశాడు. రెండు, ఉన్న ఇంజనునే కట్టడం: స్లీవులు, కొత్త పిస్టన్లు, క్రాంకు గ్రైండింగు, హెడ్ పని. లాగించిన ఖర్చుతో కలిపి 2,10,000. ఇరవై రోజుల పైనే పడుతుంది. మూడు, కటింగ్ బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజను. 1,40,000. నాలుగు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది.

"అన్నా, నా బండైతే రెండోదే చేస్తా," అన్నాడు మేస్త్రి. "నీ ఇంజను చరిత్ర నీకు తెలుసు. పాత ఇంజనుది ఎవడికీ తెలీదు."

బాబాయి మూడోదే తీసుకున్నాడు. ఎందుకో చెప్పేముందు పాత ఇంజనుని ఎలా చూసి కొంటారో చెప్పాలి. అదొక చదువు. దాన్ని ఎవరూ చదువు అనరు కాబట్టి నేను అంటాను.

మేస్త్రి మాతో ఐదు షాపులు తిరిగాడు. ప్రతిచోటా మొదటి ప్రశ్న ఒకటే: "ఈ ఇంజను దిగిన బండి ఏది? చూపించు." గుద్దుకుని కటింగ్‌కి వచ్చిన బండి ఇంజనైతే మంచిది. అప్పటిదాకా నడుస్తున్నదే కదా. తిరిగి తిరిగి అరిగిపోయి వచ్చిన బండిదైతే మా బాబాయి పారేస్తున్నదానికీ దానికీ తేడా ఉండదు. కొత్తగా రంగు పూసిన ఇంజనుని ముట్టుకోనేలేదు. రంగు కింద ఏం దాచారో తెలీదన్నాడు. డిప్ స్టిక్ తీసి ఆయిలు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. పాలల్లా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టు. అంటే గాస్కెట్ పోయిందో, హెడ్ పగిలిందో. నచ్చిన ఇంజనుకి కింద సంప్ విప్పించి అడుగున వేలు పెట్టి తుడిచాడు. ఇత్తడి రంగు పొడి మెరిస్తే బేరింగులు అరుగుతున్నట్టు. క్రాంకుకి రాడ్డు వేసి చేత్తో తిప్పాడు. ఆరు సిలిండర్లూ ఒక్కొక్కటిగా ఒకే బిగువుతో ఎదురు తిరగాలి, ఏదైనా సులువుగా జారిపోతే ఆ సిలిండర్లో కంప్రెషన్ లేనట్టు. ఇంజను నంబరు కొట్టిన చోట గుడ్డతో తుడిచి వేలుగోరుతో గీకాడు. అంకెలు వరస తప్పినా, చుట్టూ గ్రైండరు పెట్టిన జాడ ఉన్నా వదిలేయమన్నాడు. చివరికి ఒకదాన్ని స్టాండు మీద కట్టి, డీజిలు డబ్బా పెట్టి అరగంట నడిపించి, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఎంత నిలుస్తోందో చూశాకే సరే అన్నాడు.

ఆ మేస్త్రి ఏడో తరగతితో బడి మానేసిన ముస్లిం. ఆయన దగ్గర పనిచేసే నలుగురు పిల్లల్లో ఇద్దరు మన పేటలవాళ్లు. కటింగ్ షెడ్లలో గ్యాస్ పట్టుకున్నవాళ్లని ఊరూ పేరూ అడిగాను, ఎక్కువమంది మనవాళ్లే. చచ్చినదాన్ని కోసి పనికొచ్చేదిగా మార్చే పని మనకి కొత్త కాదు. ఊళ్లో గొడ్డు చస్తే మోసుకెళ్లి, తోలు తీసి, ఊనబెట్టి, మోట తొండం కుట్టిచ్చింది మాదిగ చేతులు. ఆ తొండంలోంచి పారిన నీళ్లతో ఊరి పంట పండింది. పంట ఊరికి పోయింది, అంటు మనకి మిగిలింది. ఇప్పుడు గొడ్డు స్థానంలో లారీ వచ్చింది. చేతులు మారలేదు. ఆ పనిలో ఉన్న తెలివికి సర్టిఫికెట్టూ రాలేదు.

ఆ పనిలో ప్రమాదం కూడా వాళ్లదే. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌కి ఢిల్లీ యూనివర్సిటీ వేలం వేసిన పాత ల్యాబ్ పరికరం ఒకటి వచ్చింది. అందులో కోబాల్ట్-60 ఉందని విప్పినవాళ్లకి ఎవరూ చెప్పలేదు. రేడియేషన్ తగిలి చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, ఒక స్క్రాప్ కార్మికుడు చనిపోయాడు. చదువుకున్నవాళ్లు వదిలించుకున్న వస్తువు చదువులేదన్నవాళ్ల చేతుల్లో పేలింది. స్క్రాప్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక మా బాబాయి మూడో దారి ఎందుకు తీసుకున్నాడో చెప్తాను. అదే వేసవిలో మా ఊళ్లో భూమున్న కులం కుర్రాడి లారీ ఇంజను కూడా బోరుకొచ్చింది. అతను రెండో దారి తీసుకున్నాడు. పార్టులన్నీ ఖాతా మీద తెచ్చుకున్నాడు. ఆరు నెలల్లో, లోడు దొరికినప్పుడల్లా కొంత కొంత కట్టాడు. వడ్డీ లేదు. ఆ షాపు ఓనరు అతనికి మేనమామ వరస. మా బాబాయి కూడా అదే షాపులో పదేళ్లు పార్టులు కొన్నాడు. ఖాతా అడిగితే, "నీ తరఫున పూచీ ఎవరు?" అన్నారు. ఎవరూ కులం పేరు ఎత్తలేదు. అవసరం కూడా లేదు. మేనమామ లేకపోవడమే మన కులం.

బ్యాంకుకి వెళ్లాడు. ఆరేళ్లలో ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదని చెప్పాను కదా, అదే బ్యాంకు. "బండి పదేళ్లది, దాని మీద అప్పు రాదు" అన్నారు. ముద్ర కింద 50,000 నుంచి 5 లక్షల దాకా కిశోర్ లోను ఉందని నేను ఎక్కడో చదివి చెప్పాను. ఆదాయం కాగితాలు, జీఎస్టీ కాగితాలు అడిగారు. అవి ఆయన దగ్గర లేవు. చివరికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంజను 1,40,000. దాన్ని ఎక్కించడం, క్లచ్ ప్లేటు, మౌంటింగులు, హోస్ పైపులు, ఆయిలు, లాగించిన ఖర్చు కలిపి 35,000. మొత్తం 1,75,000. నెలకి వడ్డీ 5,250. అసలు తీర్చడానికి పధ్నాలుగు నెలలు పట్టింది, వడ్డీయే 73,500 కట్టాడు. అన్నీ కలిపితే ఆ పాత ఇంజను 2,48,500 అయింది. ఆ కుర్రాడు కట్టించుకున్న మంచి ఇంజను 2,10,000.

అంటే చరిత్ర తెలియని పాత ఇంజనుకి మా బాబాయి 38,500 ఎక్కువ ఇచ్చాడు. క్లాసులో నిన్ను అడిగినతనికి ముందు ఈ లెక్క చూపించు తమ్ముడూ. బండి ఒకటే, రోడ్డు ఒకటే, మిర్చి ఒకటే. తేడా అంతా ఇరవై రోజులు ఆగగలగడంలో ఉంది. ఆ కుర్రాడి లారీ ఇరవై రోజులు నిలబడినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, పొలం ఉంది. మా బాబాయి లారీ నిలబడితే మూడు నెలలకొకసారి కట్టే టాక్సు ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు, పిల్ల కాలేజీ ఫీజు ఆగదు. నిలబడ్డ లారీ మనిషిని తింటుంది. అందుకే నాలుగు రోజుల్లో తిరిగే బండి కోసం ఎక్కువ ధర పెట్టాడు. తెలివి లేక కాదు, వ్యవధి లేక.

కథ అక్కడితో అయిపోలేదు. ఇంజను మారిస్తే ఆర్సీలో నంబరు మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి, లేకపోతే మార్చిన 14 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. దానికి ఇంజను ఎక్కడిదో చెప్పే బిల్లు కావాలి. పాత ఇంజను అమ్మిన షాపువాడు ఇచ్చింది తెల్ల కాగితం మీద రాసిన చీటీ. అందులో నంబరు ఉంది, కానీ ఏ బండిదో, ఆ బండి ఎవరిదో లేదు. ఆ కాగితం వెంట తిరుగుతుండగానే రోడ్డు మీద తనిఖీలో నంబర్ల తేడా బయటపడింది. ఆపినాయన మొదట ఊరు అడిగాడు. తర్వాత "ఊళ్లో ఎక్కడ?" అన్నాడు. ఆ రెండో ప్రశ్న మనందరికీ తెలిసిందే. అది అడ్రసు కోసం అడిగే ప్రశ్న కాదు. జవాబు విన్నాక మాట ఏకవచనంలోకి దిగింది. "ఎక్కడ కొట్టేశావురా ఇంజను?" లారీ రెండు రోజులు ఆ ఆవరణలో ఉండిపోయింది. ఇరవై ఏళ్లు డ్రైవరుగా, పదేళ్లు ఓనరుగా బతికిన మనిషి, యాభై దాటిన వయసులో, దొంగ కాదని రుజువు చేసుకోవడానికి మేస్త్రిని వెంటబెట్టుకుని రావలసి వచ్చింది.

దొంగ ఇంజన్లు లేవని నేను అనడం లేదు. మీరట్‌లో సోతీగంజ్ అనే మార్కెట్ దొంగ బండ్లు విప్పడానికి పేరు మోస్తే, 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. తనిఖీ ఉండాల్సిందే. కానీ బిల్లు లేని సరుకు అమ్మేవాడి షట్టరు తెరిచే ఉంటుంది, కొన్నవాడి లారీ ఆగిపోతుంది. అనుమానం ఎప్పుడూ కొన్నవాడి మీదే, అందులోనూ పేట చెప్పినవాడి మీదే. మనకి కాగితం అంటే గవర్నమెంటు తంతు కాదు, ఒంటి మీద చొక్కా.

ఇప్పుడు పథకాల దగ్గరికి వద్దాం. మనవాళ్లకి బండ్లిచ్చే పథకాలు చాలా వచ్చాయి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి 10 లక్షల నుంచి కోటి దాకా బ్యాంకు అప్పు అంది. కానీ అది కొత్తగా పెట్టే వ్యాపారానికే. ఉన్న వ్యాపారం పడిపోకుండా నిలబెట్టడానికి కాదు. 2021లో తెలంగాణలో దళిత బంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. చాలామంది బండ్లే ఎంచుకున్నారు. చేతిలో స్టీరింగు ఉన్నవాడు ఇంకేం ఎంచుకుంటాడు? అదే ఏడాది జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికి రేషన్ కోసం 9,260 బండ్లు జెండా ఊపి పంపారు. 2025 జూన్ నుంచి ఆ పద్ధతే ఎత్తేసి మళ్లీ రేషన్ షాపులకి వెళ్లారు.

ప్రభుత్వాలు మారాయి, జెండాలు మారాయి. ఒకటి మాత్రం మారలేదు. తాళాలు ఇచ్చే రోజు ఫొటో ఉంటుంది. అయిదో ఏడు ఇంజను దిగే రోజు ఎవరూ ఉండరు. లెక్కల్లో "పంపిణీ చేసిన వాహనాలు" అనే గడి ఉంటుంది, "నడుస్తున్న వాహనాలు" అనే గడి ఉండదు. దళిత బంధులో రక్షణ నిధి అనే ఆలోచన పెట్టారు. లబ్ధిదారు 10,000, ప్రభుత్వం 10,000 వేసి ఆపద వేళ ఆదుకోవడానికి ఉంచడం. మంచి ఆలోచన, మెచ్చుకుంటాను. కానీ ఒక ఇంజను ఖర్చు ముందు ఆ 20,000 ఏపాటిదో పైన లెక్క చూశారు.

ఇంకోవైపు 2021 ఆగస్టులో స్క్రాప్ పాలసీ ప్రారంభించారు. పాత బండిని గుర్తింపు ఉన్న కేంద్రంలో స్క్రాప్‌కి ఇచ్చి కొత్త రవాణా బండి కొంటే రోడ్ టాక్సులో 15 శాతం దాకా రాయితీ. కొత్త లారీ కొనగలిగినవాడికి రాయితీ. కొనలేక పాత లారీతోనే బతికేవాడికి? 15 ఏళ్లు దాటిన లారీ ఎఫ్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 12,500 చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఒకే పాలసీలో ఉన్నవాడికి బహుమతి, లేనివాడికి జరిమానా.

ఇక్కడ మనలోంచే వచ్చే ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. "అన్నా, పాత ఇంజన్లని వెనకేసుకొస్తావా? ఆ పొగ పీల్చేది హైవే పక్కనున్న మన పేటలే కదా?" నిజమే. పొగ కక్కే బండిని నేను సమర్థించను. మా పిన్నికి ఉబ్బసం ఉంది, ఆ పొగ ఏం చేస్తుందో నాకు తెలుసు. కానీ పరీక్షించి, కొలిచి, కాగితంతో అమ్మిన పాత ఇంజను వేరు, తెల్ల చీటీ మీద అదృష్టానికి వదిలేసిన పాత ఇంజను వేరు. పాత వస్తువు వాడటంలో అవమానం లేదు. ఎప్పుడూ మనమే గుడ్డిగా కొనాల్సి రావడంలో ఉంది అవమానం.

ఇంకో ప్రమాదం ముందుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఇంజను అంటే ఇనుము ఒక్కటే కాదు. ఈసీయూ ఉంటుంది, సెన్సర్లు ఉంటాయి, పొగని శుభ్రం చేసే సరంజామా ఉంటుంది. గాలికి అది మంచిదే. కానీ మా మేస్త్రిలా వేలితో తుడిచి, చెవితో విని చెప్పే విద్య దానికి చాలదు. లాప్‌టాప్ కావాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. కంపెనీ ఇవ్వనంటే ఆటోనగర్ చేతులు కట్టేసినట్టే. రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఆటోమొబైల్ రంగం కూడా అందులో ఉంది. మన సంఘాల్లో ఎక్కడా దీని మీద చర్చ వినలేదు. 1942లోనే బాబాసాహెబ్ వైస్రాయ్ ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకి సైన్సు, టెక్నాలజీ చదువులకి స్కాలర్‌షిప్పులు అడిగారు. యంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్న ఆయనకి చిన్నది కాదు. మనకెందుకు చిన్నదైంది?

కాబట్టి నేను అడుగుతున్నది ఇది.

బండి ఇచ్చే ప్రతి పథకంలో రిపేరు అప్పు భాగంగా ఉండాలి. వాయిదాలు సక్రమంగా కట్టినవాడికి బండి వయసు చూడకుండా, రెండు లక్షల దాకా, బ్యాంకు వడ్డీకి, వారం లోపల ఇవ్వాలి. పూచీ కార్పొరేషన్ ఉండాలి. మేనమామ లేనివాడికి కార్పొరేషనే మేనమామ కావాలి, అందుకే కదా దాన్ని పెట్టింది.

స్క్రాప్ కేంద్రాలు మంచి ఇంజన్లని పరీక్షించి, ఏ బండిదో రాసిన బిల్లుతో అమ్మాలి. ఆ బిల్లు ఉంటే ఆర్సీలో నంబరు మార్చడం ఒక్క రోజు పని కావాలి.

కటింగ్ షెడ్లలో, మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. కొత్త ఇంజన్ల చదువు వాళ్లకి వాళ్ల భాషలో, వాళ్ల షెడ్డు దగ్గరే చెప్పాలి.

పాత లారీ ఒక్కటే ఆధారమైన ఓనరు-డ్రైవరుకి ఎఫ్‌సీ ఫీజు తగ్గించాలి. పొగ పరీక్ష మాత్రం ఎవరికీ తగ్గించొద్దు.

మా బాబాయి లారీకి 2024లో పదిహేనేళ్లు నిండాయి. ఆటోనగర్‌లో ఎక్కించిన ఆ ఇంజను ఒకసారి హెడ్ పని చేయించుకుని ఇంకా తిరుగుతోంది. మేస్త్రి చూపు అలాంటిది. కానీ దూరం లోడ్లు మానేశాడు, చుట్టుపక్కల ఇటుక, ఇసుక వేస్తున్నాడు. "ఈ ఇంజను పోతే మళ్లీ ఎక్కించను," అంటున్నాడు. అప్పుడు ఆ లారీ కూడా మా ఇంటి ముందు నిలబడుతుంది. దారినపోయేవాడు చూసి, "ఇచ్చిన బండి నిలబెట్టుకోలేకపోయారు" అంటాడు. రెండు బోర్లు, ఒక పాత ఇంజను, 73,500 వడ్డీ, రెండు రోజుల దొంగతనం నింద, ఇవేవీ తుప్పు మీద రాసి ఉండవు.

అందుకే తమ్ముడూ, ముందు నువ్వు ఇంటికెళ్లి మీ పెదనాన్నని అడుగు. ఆటో ఏ ఏడాది వచ్చింది, ఏ పథకం కింద, ఏ పార్టు పోయింది, బాగుచేయడానికి ఎంత అడిగారు, ఆయన ఎవరెవరి గడప తొక్కాడు, వడ్డీ ఎంత చెప్పారు. ఆరు ప్రశ్నలు. ఒక కాగితం మీద రాయి. ఆయన ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పి ఉండడు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. చేతకాలేదని ఆయన కూడా అనుకుంటూ ఉండొచ్చు.

మిగతా మిత్రులకి కూడా ఇదే పని. పేటకి ఒకరు చొప్పున ఆగిపోయిన బండ్ల లెక్క రాయండి. రెండో పని, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ జిల్లా ఎస్సీ కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టండి: గత పదేళ్లలో ఇచ్చిన వాహనాలెన్ని, వాటిలో ఈ రోజుకి ఎఫ్‌సీ ఉన్నవెన్ని, ఆగినవాటి గురించి ఎప్పుడైనా విచారించారా. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "మా దగ్గర ఆ వివరాలు లేవు" అని వస్తే అదీ జవాబే, దాచిపెట్టండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి వచ్చే భాగాల్లో మాట్లాడదాం.

క్లాసులో ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఈసారి కాగితం చేతిలో పెట్టుకుని లేచి నిలబడు.

జై భీమ్.